చంపుతానన్న మాట

కూర వాసన హాస్టల్ గేటు దాకా పోయింది. మావిస్ మూత తీసి, గరిటె అడుగు దాకా దింపి కలిపింది. గుమ్మడి ముక్కలు మెత్తబడ్డాయి, ఎద్దు ఎముకల్లోంచి మూలుగ జారి పైకి తేలింది. ఉప్పు చూసి ఇంకో చిటికెడు వేసింది. పక్కన నిప్పుల్లో ఉన్న రొట్టెను కర్రతో బయటికి లాగి, బూడిద దులిపి, వేలి కణుపుతో దాని వీపు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. డొల్లగా మోగితే లోపల కాలినట్టు. మోగింది.

మా ఆదివాసీల ఊరు పేపర్‌బార్క్ క్రాసింగ్ నుంచి విచారణ కోసం టౌనుకు వచ్చి హాస్టల్లో దిగిన చుట్టాలందరికీ ఆమే వండుతోంది. వండమని ఎవరూ అడగలేదు. ఊళ్లో ముసలివాళ్ల వంటశాలలో పనిచేసే మనిషికి చేతులు ఖాళీగా ఉంటే తోచదు. అదీగాక పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. కళ్లు తుడుచుకున్నా పొగ వల్ల అనుకుంటారు.

అందరూ వచ్చి పళ్లేలు నింపుకున్నారు. చెల్లెలు ఐలీన్ మాత్రం మామిడిచెట్టు కింద పరుచుకున్న దుప్పటి మీంచి కదల్లేదు. కొట్లో కొన్న ఆలూ చిప్స్ చల్లారిపోయి మెత్తబడినా, కాగితంలోంచి ఒక్కొక్కటే తీసి నములుతోంది.

"లియోనీ, మీ అమ్మని అడగవే, కాస్త కూర తింటుందేమో," అంది మావిస్.

లియోనీ ఐలీన్ కూతురు. పళ్లెం చేత్తో పట్టుకుని ఇద్దరికీ మధ్య నిలబడింది. "అమ్మా, పెద్దమ్మ కూర తింటావా అంటోంది."

"ఆకలి లేదని చెప్పు మీ పెద్దమ్మతో."

"పెద్దమ్మా, అమ్మకి ఆకలి లేదట."

"మరి ఆ చిప్స్ ఎవరు తింటున్నారో అడుగు."

"అబ్బ, నేనేమన్నా టెలిఫోన్ తీగనా?" అని విసుక్కుంది లియోనీ. "చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నారు, మీరే అఘోరించండి." పళ్లెం తీసుకుని పోయి మెట్ల మీద కూర్చుంది.

పోయినవాడి పేరు మా వైపు ఎవరూ పలకరు, నేనూ పలకను. ఐలీన్ పెద్దకొడుకు అంటే చాలు. అక్కచెల్లెళ్లలో ఒకరి పిల్లలు ఇంకొకరికీ పిల్లలే కాబట్టి మావిస్‌కూ కొడుకే. ఆ రోజు పోలీసులకు ఫోను చేసింది మావిస్. వాళ్లు వచ్చి వాణ్ణి వంటశాల ముందే కాల్చేశారు. ఈ రెండు ముక్కలూ ఊరందరికీ తెలుసు. వాటి మధ్య ఏం జరిగిందో తేల్చడానికే ప్రభుత్వం ఈ విచారణ పెట్టింది. వాణ్ణి పూడ్చిన రోజు నుంచి ఐలీన్ అక్కతో మాట్లాడలేదు. అప్పటికి రెండు వానాకాలాలు వచ్చి వెళ్లిపోయాయి. మూడోది ఇంకా రాలేదు గానీ ఉక్క మాత్రం పట్టింది, గాలి ఆడక చెట్ల మీద కాకులు కూడా నోళ్లు తెరుచుకు కూర్చున్నాయి.

రాలిన మామిడికాయ కోసం ఇద్దరు పిల్లలు కొట్టుకుని, చిన్నది ఏడుస్తూ మావిస్ గౌను పట్టుకుంది.

"అమ్మమ్మా, వాడు నన్ను చంపాడు!"

"నువ్వు వాణ్ణి ముందు చంపలేదూ? చూశాలే. పో, చెయ్యి కడుక్కుని రా."

మా మాట అంతే, ఇంగ్లిషులో చెప్పినా అంతే. చంపడమంటే ఒక దెబ్బ వెయ్యడం. నిజంగా ప్రాణం తీస్తే ఆ మాట చాలదు, 'చచ్చేదాకా చంపాడు' అనాలి. ఇది మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, తల్లి ఒళ్లో వచ్చేసింది. పిల్లదాని ముక్కు గౌను అంచుతో తుడుస్తున్న మావిస్ చెయ్యి మాత్రం ఆ మాట దగ్గర ఆగింది. కొడుకు పోయాక ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

తిళ్లయ్యాక లియోనీ కోపం మరిచిపోయి వచ్చింది. గరిటె తీసుకుని మైకులా పట్టుకుంది.

"పెద్దమ్మా, ఎల్లుండి నిన్ను బోనెక్కిస్తారు. నేను లాయర్ని అనుకో. గొంతు సవరించుకుని చెప్పు. మీ పేరు మావిసేనా?"

"అవును."

"మీరు వంటశాలలో పనిచేస్తారా?"

"అవును."

"నిన్న మీరు గాడిదెక్కి చర్చికి వెళ్లారు, అంతేనా?"

"అవును."

పిల్లలు పడీ పడీ నవ్వారు. మావిస్ బిక్కమొహం వేసింది.

"గాడిద ఎక్కడిదే?"

"అదే కదా నేనడిగేది! నీకు గాడిదా లేదు, నిన్న నువ్వు చర్చికీ వెళ్లలేదు!"

"నువ్వు అంత గట్టిగా అడుగుతుంటే కాదని ఎలా అంటానే? ఏదో కారణం ఉండే అడుగుతున్నావనుకున్నా."

మిషన్ బడిలో పెరిగినవాళ్లకు ఇదొక జబ్బు. తెల్లవాళ్లు ఏదడిగినా అవుననేస్తే తొందరగా వదిలిపెడతారు. కాదంటే మళ్లీ అడుగుతారు, గొంతు పెంచి అడుగుతారు, ఎలాగూ చివరికి అవుననిపిస్తారు. ఆ తిప్పలేవో ముందే తప్పించుకుంటే పోదా అని చిన్నప్పుడే నేర్చుకున్నారు. మావిస్ ఆ బడిలో మంచి పిల్ల అనిపించుకుంది, అంటే అందరికన్నా ఎక్కువసార్లు అవునంది.

"ఈ పెద్దమ్మని నేను బాగుచెయ్యలేను," అని లియోనీ గరిటె గిన్నెలో పడేసింది. చెట్టు కింద ఐలీన్ నవ్వలేదు. చిప్స్ కాగితం ఉండ చుట్టి, చాలాసేపు దాన్ని గుప్పిట్లోనే పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న కోర్టు మెట్ల దగ్గరే తగువు మొదలైంది. తలుపు దగ్గర కాపలా ఉన్న పోలీసు కుర్రాడి నడుముకు తుపాకీ ఉంది. ఐలీన్ అది చూసి మెట్టు మీద చతికిలబడింది.

"ఆ తుపాకీ నా కొడుకుని చూసింది, చాలు. నన్ను చూడక్కర్లేదు. అది లోపలుంటే నేను బయట, నేను లోపలుంటే అది బయట."

చుట్టాలందరూ ఆమె చుట్టూ మెట్ల మీద కూర్చున్నారు. మావిస్ కొంచెం ఎడంగా, కింది మెట్టు మీద కూర్చుంది. లాయర్లు లోపలికీ బయటికీ తిరిగారు. చివరికి విచారణ జడ్జి తుపాకులు లోపలికి రాకూడదని కబురంపింది. ఆ కుర్రాడు తుపాకీ తీసి ఇంకెవరికో ఇచ్చాడు, తోలు ఒర మాత్రం ఖాళీగా నడుముకే ఉండిపోయింది. దక్షిణం నుంచి కొత్తగా వచ్చినట్టున్నాడు, ఎండకు ముక్కు తోలు ఊడుతోంది. లోపలికి వెళ్తున్న ముసలివాళ్లందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాడు. మావిస్‌కూ చెప్పాడు.

ఆ రోజంతా డాక్టర్లూ, మ్యాపులూ, ఫోటోలూ. వాళ్లు మాటమాటకీ పోయినవాడి పేరు పైకి చదువుతున్నారు. చదివినప్పుడల్లా మా బెంచీల్లో తలలన్నీ ఒక్కసారి కిందికి వంగుతున్నాయి. మధ్యాహ్నానికి ఐలీన్ ఇక తల ఎత్తడమే మానేసింది.

టీ విరామంలో కుటుంబం తరఫు లాయరు క్లెయిర్ మావిస్‌ను నీళ్ల కుళాయి పక్కకు తీసుకుపోయింది. మంచి పిల్ల, నగరం నుంచి వచ్చింది, జుట్టు ఎప్పుడూ ఒక పక్కే జారిపోతుంది.

"రేపు మీ ఫోను రికార్డు వినిపిస్తారు. తరువాత మిమ్మల్ని ప్రశ్నలడుగుతారు. దుబాసీ దొరికాడు, డెస్మండ్ అని మీ వైపు మనిషే."

మావిస్ అడ్డంగా తల తిప్పింది. "వాడొద్దు. వాడు నాకు అల్లుడి వరస."

"మీ అమ్మాయి భర్తా?"

"అమ్మాయీ లేదు, భర్తా లేడు. వరస."

వరసకు అల్లుడైనా అల్లుడే. అత్త వాడి మొహం చూడకూడదు, వాడు అత్త ఉన్న గదిలోకి రాకూడదు. డెస్మండ్ పక్కన నిలబడి చెవిలో మాట చెప్పడమంటే మావిస్ అందరి ముందూ బట్టలిప్పుకున్నంత పని. క్లెయిర్‌కు అది సగమే అర్థమైంది. ఇంకో దుబాసీని వెతికించాలంటే వారమైనా పడుతుంది, విచారణ వాయిదా పడుతుంది.

"నాకు ఇంగ్లిషు వచ్చమ్మా," అంది మావిస్. "మిషన్ బడిలో ప్రైజు కూడా ఇచ్చారు."

"సరే. కంగారు పడకండి. మీరు భయపడ్డారు కాబట్టి ఫోను చేశారు, అందులో మీ తప్పేమీ లేదు. భయం వేసిందనే కదా చేశారు?"

"అవును," అంది మావిస్.

క్లెయిర్ ఆమె భుజం నొక్కి వెళ్లిపోయింది. మావిస్ కుళాయి తిప్పి, నిండిన కప్పును మళ్లీ పారబోసి, మళ్లీ నింపింది. భయం వెయ్యలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, పాస్టరుకు కూడా. ఊళ్లో అందరూ ఆమె భయపడిందనే అనుకుంటున్నారు. ముసలావిడ, వంటశాల లోపల ఒంటరిగా ఉంది, తలుపు అవతల కోపంతో ఊగిపోతున్న కుర్రాడు, పాపం ఏం చేస్తుంది అనుకుంటున్నారు. ఆ పాపమనే మాట కింద ఆమె రెండు వానాకాలాలు తలదాచుకుంది. రేపు ఒక్క అవునంటే జీవితాంతం తలదాచుకోవచ్చు. కానీ ఆ అవునుతో, తుపాకీ పేల్చినవాడిది న్యాయమైపోతుంది, పోయినవాడు పెద్దమ్మను హత్య చెయ్యబోయినవాడిగా ప్రభుత్వ కాగితాల్లో మిగిలిపోతాడు. ఇది ఆమెకు లాయర్లకన్నా బాగా తెలుసు. తెలిసీ సిగ్గు నోరు నొక్కేస్తోంది.

ఆ సాయంత్రం ఆమె రొట్టె పిండిని అవసరానికి మించి పిసికింది. రొట్టె రాయిలా అయింది. అందరూ టీలో ముంచుకుని తిన్నారు. ఐలీన్ మళ్లీ కొట్టు నుంచే తెప్పించుకుంది.

మంగళవారం మావిస్‌ను బోనులో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, రికార్డు పెట్టారు. ముందు గరగరమని శబ్దం వచ్చింది. తరువాత ఆమె గొంతే గదంతా వినిపించింది. వెనక ఎక్కడో రేకు తలుపు మీద దబదబ బాదుతున్న చప్పుడు కూడా ఉంది.

"పోలీసా? నేను మావిస్‌ని, వంటశాల నుంచి. నా కొడుకు నన్ను చంపుతానంటున్నాడు. ఎవరినైనా పంపండి."

ఫోను ఎత్తినవాడు ఎక్కడో దూరాన రాజధానిలో కూర్చున్నవాడు. మా ఊరు మ్యాపులో కూడా చూసి ఉండడు.

"మిమ్మల్ని చంపుతానంటున్నాడా?"

"అవును."

"చేతిలో ఏదైనా ఉందా?"

"పారుంది."

"పారతో చంపుతానంటున్నాడా?"

"అవును."

"ఇంతకుముందు ఎవరినైనా చంపాడా?"

"ఓ, చిన్నప్పట్నించీ! తమ్ముణ్ణి రోజూ చంపేవాడు."

రోజూ చంపించుకున్న ఆ తమ్ముడు రెండో బెంచీలో కూర్చుని ఉన్నాడు, ఆరోగ్యంగా, సగం బెంచీ తనే ఆక్రమించి. వాడికి ఆపుకోలేక ఫక్కున నవ్వొచ్చింది. వెంటనే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో పక్కనున్నవాళ్లకు తెలియలేదు.

రికార్డులో కాసేపు కీలు టకటక నొక్కిన చప్పుడు వచ్చింది. "బయటికి రాకండి. తలుపు వేసుకోండి."

"పాత సార్జెంటుని పంపండి బాబూ, ఆయన మాటైతే వింటాడు, ఆయనా వాడూ కలిసి చేపలకి..." అంటుండగా ఫోను కట్టయిపోయింది.

పాత సార్జెంటు చెప్పులేసుకుని వచ్చేవాడు. తగువు పడ్డ కుర్రాణ్ణి బండెక్కించుకుని ఏటి ఒడ్డుకు తీసుకుపోయి, గాలం చేతికిచ్చి కూర్చోబెట్టేవాడు. ఆయన రిటైరై వెళ్లిపోయాడని మావిస్‌కు ఆ రోజు తెలియదు.

తుపాకీ పేల్చిన పోలీసు తరఫు లాయరు హార్‌గ్రీవ్ లేచాడు. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు. దారిలో ఉన్న పోలీసు బండికి అందిన సందేశం ముందు చదివి వినిపించాడు. పార పట్టుకున్న మనిషి, ఆడమనిషిని చంపుతానంటున్నాడు, గతంలో హత్య చేసినవాడు. చదివి, కాగితం నెమ్మదిగా మడిచాడు. రోజూ హత్యకు గురయ్యే తమ్ముడు ఏ లోకంలో ఉంటాడని ఆ గదిలో చదువుకున్నవాళ్లెవరూ అడగలేదు. క్లెయిర్ మాత్రం లేవబోయింది. మీ వంతు వస్తుందని జడ్జి చెయ్యి చూపించింది.

"మావిస్ గారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టను," అన్నాడు హార్‌గ్రీవ్. "ఆ రోజు మీరు చాలా కష్టంలో ఉన్నారు."

"అవును."

"అతను చంపుతానన్నాడు."

"అవును."

"చేతిలో పార ఉంది."

"అవును."

"మీరు ముసలివారు, ఒంటరిగా ఉన్నారు."

"అవును."

"ప్రాణభయం వేసింది."

మావిస్ నీళ్ల గ్లాసు వైపు చూసింది. గ్లాసు బయట తడి పట్టింది. ఆ తడిని బొటనవేలితో తుడిచింది. లాయరు గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆమె మీద జాలిపడుతున్నవాడు ఆ గదిలో అతనొక్కడే అనిపించింది.

"అవును," అంది. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

"పోలీసులు రాకపోయి ఉంటే మీరు ఈ రోజు మా మధ్య ఉండేవారు కాదు."

"అవు..."

"ఒసే అక్కా!"

ఐలీన్ లేచి నిలబడింది. రెండు రోజులుగా దించిన తల ఎత్తింది. చేతిసంచీ గాలిలో ఆడిస్తూ ముందు బెంచీ దాటి వచ్చేసింది.

"ఆపవే నీ అవునులు! గాడిదెక్కి చర్చికెళ్లావన్నా అవునే, నా కొడుకు నిన్ను నరకబోయాడన్నా అవునేనా? నోరు తెరిచి నిజం చెప్పు! చెప్పకపోయావో, ఇక్కడే, ఇంతమంది ముందే, చంపేస్తా నిన్ను!"

తలుపు దగ్గరున్న పోలీసు కుర్రాడి కుడిచెయ్యి ఒక్కసారిగా నడుముకు పోయింది. వేళ్లు ఒర మీది బొత్తాం విప్పి లోపలికి దూరి, అక్కడ లేనిదాని కోసం తడుముకున్నాయి.

బొత్తాం ఊడిన చప్పుడు చిన్నదే. గదంతా విన్నది. అందరూ తిరిగి చూశారు, ముసలివాళ్లూ, లాయర్లూ, రాసుకుంటున్న పత్రికలవాళ్లూ. కుర్రాడు కూడా కిందికి చూసుకున్నాడు. తన చెయ్యి అక్కడికి ఎప్పుడు పోయిందో వాడికే తెలిసినట్టు లేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. చెయ్యి బయటికి తీసి, వెనక్కి పెట్టుకుని, మళ్లీ ముందుకు తెచ్చుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తోచక నిలబడ్డాడు. ఎదురుగా చేతిసంచీ పట్టుకున్న ముసలావిడ.

తుపాకీ పేల్చిన పోలీసు తన లాయరు పక్కనే కూర్చుని ఉన్నాడు. అతను కుర్రాడి చెయ్యి చూశాడు. చూసి, తన చేతులు బల్ల కిందికి పెట్టుకున్నాడు.

జడ్జి ఐలీన్‌ను కూర్చోమనలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మావిస్ గారూ, మీ చెల్లెలు ఇప్పుడు మిమ్మల్ని చంపుతానంది కదా?"

"అవును."

"మీకు భయం వేసిందా?"

అవుననే మాట నాలుక చివరికి వచ్చింది. మావిస్ దాన్ని మింగింది. మింగడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది.

"లేదమ్మా."

"ఎందుకని?"

"నా చెల్లెలు కదా. తిట్టింది." గ్లాసు కింద పెట్టింది. "రెండు వానాకాలాల తర్వాత ఇవాళే నాతో మాట్లాడింది."

జడ్జి మరీ నెమ్మదిగా అడిగింది.

"మరి ఆ రోజు మీ కొడుకు అన్నప్పుడు? భయం వేసిందా?"

ఐలీన్ ఇంకా అక్కడే, బోనుకు దగ్గరగా నిలబడి ఉంది. ఆమె మొహం చూడకుండా ఈ మాట చెప్పడం కుదరదని మావిస్‌కు తెలిసింది. ఇంతకాలం పొగ చాటున దాచుకున్న కళ్లు ఎత్తి చెల్లెల్ని చూసింది.

"లేదు. ఆ రోజూ భయం వెయ్యలేదు."

"మరెందుకు ఫోను చేశారు?"

"కోపమొచ్చింది. పార నేనే ఇచ్చాను వాడికి, నిప్పులు తియ్యమని. పొద్దున్నించీ నాకు పని చేసిపెడుతున్నాడు. కారు తాళం అడిగాడు. ముసలాళ్లకి భోజనాలు పంచాలి, ఇవ్వనన్నాను. తలుపు మీద పారతో బాదాడు. తాళం ఇస్తావా, చంపమంటావా అన్నాడు. వసారాలో కూర్చున్న ముసలాళ్లు నవ్వారు, నీ మాట నీ కొడుకే వినడం లేదు మావిస్ అని. నాకు సిగ్గేసింది. సార్జెంటు వచ్చి వాడికి నాలుగు చీవాట్లు పెడితే బాగుండుననిపించింది. అల్లరి చేస్తే పోలీసుని పిలుస్తానని పిల్లల్ని అందరూ బెదిరిస్తారు కదమ్మా. అందరూ అంటారంతే. నేను నిజంగా పిలిచాను."

రాసుకునే అమ్మాయి రాయడం ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. ఐలీన్ చేతిసంచీని గుండెకు అదుముకుని వెనక్కి వెళ్లి కూర్చుంది. హార్‌గ్రీవ్ ఇంక ప్రశ్నలు లేవన్నాడు. క్లెయిర్ లేచి, పార ఎవరిచ్చారో ఇంకోసారి చెప్పమంది. మావిస్ ఇంకోసారి చెప్పింది. ఈసారి ఇంకా కష్టమనిపించింది.

బయటికి వచ్చేటప్పుడు పోలీసు కుర్రాడు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేలకేసి చూస్తున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి చుట్టూ ఎప్పటి గోల లేదు. కొందరు పళ్లేలు నింపుకుని దూరంగా పోయి తిన్నారు. పోయినవాడి తమ్ముడు గేటు దాటి ఎటో వెళ్లిపోయాడు, వాడి కూర మావిస్ మూత పెట్టి పక్కన ఉంచింది. లియోనీ పిల్లలకు పెట్టించుకుని పోతూ పెద్దమ్మ వైపు చూడలేదు. చీకటి పడకముందే గదిలోకి వెళ్లిపోయింది. ఇంతకాలం తనకు అండగా ఉన్న పిల్ల అదొక్కతే. మావిస్‌కు అది తప్పనిపించలేదు. భయపడ్డ పెద్దమ్మను క్షమించడానికి లియోనీ సిద్ధంగానే ఉంది. సిగ్గేసి ఫోను చేసిన పెద్దమ్మను ఎలా క్షమించాలో దానికేం తెలుసు?

ఆమె కట్టెలు ఎగదోసి, అడుగంటకుండా కలుపుతూ కూర్చుంది. పొగ ఇటు తిరిగినా జరగలేదు.

మామిడిచెట్టు కింద దుప్పటి దులిపిన చప్పుడైంది. ఐలీన్ ఒక పళ్లెం పట్టుకుని నడిచి వచ్చింది. పొయ్యికి ఇవతల, అక్క పక్కనే, మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా కూలబడింది. మధ్యలో ఎవరూ లేరు.

"వెయ్యి," అంది.

మావిస్ ఎముకతో సహా రెండు గరిటెలు వేసి, రొట్టె విరిచి అంచున పెట్టింది. ఐలీన్ రొట్టెను కూరలో అద్ది తింది. ఎముక ఎత్తి మూలుగ పీల్చింది. దూరంగా ఉరుము లాంటిది వినిపించింది, వాన మాత్రం రాలేదు.

"ఆ పూట వాడికేమన్నా పెట్టావా?" అంది ఐలీన్, పళ్లెంలోకే చూస్తూ.

గరిటె ఆగింది. ఇక్కడ జడ్జి లేదు, రాసుకునేవాళ్లు లేరు. అవునంటే ఐలీన్‌కు ఈ రాత్రి కాస్త నిద్రపడుతుంది.

"లేదే," అంది మావిస్. "ఆకలేస్తోంది పెద్దమ్మా అన్నాడు. ముందు నిప్పులు తియ్యి, అప్పుడు పెడతానన్నాను."

ఐలీన్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. దవడ కదల్లేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని నిప్పుల వైపు చూస్తూ కూర్చుంది. లేచి వెళ్లిపోతుందని మావిస్ అనుకుంది. వెళ్లిపోతే ఆపే హక్కు తనకు లేదనుకుని, చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుంది. చివరికి ఐలీన్ ఆ ముద్ద మింగింది. మిగిలిన రొట్టెతో పళ్లెం అంతా తుడిచి, అదీ తింది.

"ఉప్పెక్కువైంది," అంది. "ఎప్పుడూ ఇంతే నువ్వు."

"అవును," అంది మావిస్.

ఐలీన్ ఖాళీ పళ్లెం మళ్లీ ముందుకు చాచింది.